ఇంటర్ లేకుండా డిగ్రీలో సీటు దొరుకుతుంది, ఆ తర్వాత సంగతేమిటి?

క్లుప్తంగా: ఇంటర్ పాస్ కాకుండానే డిగ్రీలో చేరడానికి మన దేశంలో చట్టబద్ధమైన దారులు ఉన్నాయి. కేంద్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో నడిపే బ్యాచిలర్స్ ప్రిపరేటరీ ప్రోగ్రామ్, అంటే బీపీపీ, వాటిలో ముఖ్యమైనది. అది డిగ్రీలో చేరుస్తుంది కానీ ఇంటర్‌కు సమానం కాదు. ఈ తేడా చేరేటప్పుడు కనిపించదు. నాలుగైదేళ్ల తర్వాత లా కోర్సుకో, ఉద్యోగానికో సర్టిఫికెట్లు చూపించాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. టెన్త్ పాసై ఆగిపోయినవారికి, రోజూ కాలేజీకి పోకుండా చదివి రాసే ఓపెన్ ఇంటరే నమ్మకమైన దారి. టెన్త్ కూడా లేని పెద్ద వయసువారి లెక్క వేరు.

ఎవరికి ఈ అవసరం

జూన్, జూలై వచ్చిందంటే హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల బస్టాండ్ల చుట్టూ గోడల మీద ఒకే రకం పోస్టర్లు కనిపిస్తాయి. టెన్త్ ఫెయిలా, ఇంటర్ ఫెయిలా, నేరుగా డిగ్రీ చేయండి అని. కొన్ని పోస్టర్ల వెనుక నిజంగానే గుర్తింపు ఉన్న కోర్సు ఉంటుంది. కొన్నింటి వెనుక ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. రెండింటిలోనూ రాసేది ఒకే మాట కాబట్టి ఏది ఏదో తెలుసుకోవడం కష్టం.

ఈ పోస్టర్ల ముందు ఆగేవాళ్లు ఉత్తర తెలంగాణలో తక్కువేమీ కాదు. ఇక్కడ చదువు మధ్యలో ఆగడానికి తెలివితేటలతో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి పల్లెల్లో బీడీలు చుడుతూ బడి మానేసిన ఆడపిల్లలు ఒక తరమంతా ఉన్నారు. సిరిసిల్లలో సాంచల (మరమగ్గాల) మీద చిన్న వయసులోనే పనికి కుదిరినవాళ్లున్నారు. పద్దెనిమిది నిండగానే పాస్‌పోర్టు తీసుకుని గల్ఫ్ పోయి, పదేళ్లకు తిరిగొచ్చి మళ్లీ చదువుకోవాలనుకునేవాళ్లున్నారు. పెళ్లి కోసం ఇంటర్ ఫస్టియర్‌లో ఆపేసిన మహిళలు, ఒక్క లెక్కల పేపరు దగ్గరే ఆగిపోయినవాళ్లు సరేసరి.

వీళ్లందరినీ ఒకే గాటన కట్టడం వల్లే సలహాలు తప్పుతున్నాయి. టెన్త్ కూడా లేనివారు, టెన్త్ ఉండి ఇంటర్ లేనివారు, ఇంటర్‌లో కొన్ని సబ్జెక్టులు మాత్రమే మిగిలినవారు అని మూడు రకాలుగా చూస్తే ఒక్కొక్కరికి సరిపోయే దారి వేరువేరుగా ఉంటుంది.

ఒకప్పుడు ఇది యూనివర్సిటీ పనే

పన్నెండో ఏడాది చదువు ఎవరి చేతిలో ఉండాలన్నది పాత ప్రశ్న. యాభై అరవై ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో హెచ్ఎస్‌సీ, అంటే హైస్కూలు చివరి పరీక్ష, పాసైనవాళ్లు పీయూసీలో చేరేవాళ్లు. ప్రీ యూనివర్సిటీ కోర్సు అన్న పేరులోనే ఉన్నట్టు అది యూనివర్సిటీ నడిపిన కోర్సు. డిగ్రీ చదవడానికి కావాల్సిన ఇంగ్లిష్, సబ్జెక్టు పునాది అక్కడే పడేది. 1969లో ఆంధ్రప్రదేశ్ రెండేళ్ల ఇంటర్మీడియట్‌కు మారింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అప్పటినుంచి డిగ్రీకి ముందు చదువు యూనివర్సిటీ చేతిలోంచి బోర్డు చేతిలోకి పోయింది. యూనివర్సిటీలు ఇంటర్ మెమో చూసి చేర్చుకోవడానికి పరిమితమయ్యాయి.

ఆ మెమో లేనివాళ్ల సంగతేమిటన్న ప్రశ్నకు జవాబుగా 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చినవారు. 1985లో ఇగ్నో మొదలైనప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. కాగితం లేదన్న కారణంతో పెద్ద వయసువారిని గేటు బయట నిలబెట్టకూడదన్నది ఈ రెండు సంస్థల మూల ఆలోచన. 1969లో బ్రిటన్‌లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ దీనికి నమూనా. అంబేడ్కర్ యూనివర్సిటీలో 18 ఏళ్లు నిండినవారు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. ఉత్తర తెలంగాణలో ఈ రోజు నలభై యాభై ఏళ్ల వయసున్న ఉద్యోగుల్లో, అంగన్‌వాడీ టీచర్లలో, రాజకీయ కార్యకర్తల్లో ఆ దారిలో పట్టా అందుకున్నవాళ్లు కనిపిస్తారు. ఇది చిన్న విజయం కాదు.

పీయూసీ అన్న మాట ఉత్తర తెలంగాణలో మరో చోట ఇంకా బతికే ఉంది. నిర్మల్ జిల్లా బాసరలోని ఆర్‌జీయూకేటీ, మనం ట్రిపుల్ ఐటీ అని పిలిచేది, 2008లో మొదలైంది. టెన్త్ పాసైన పిల్లల్ని ఆరేళ్ల కోర్సులో చేర్చుకుని, మొదటి రెండేళ్లు పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్ చదివిస్తుంది. ప్రభుత్వ బడుల పిల్లలకు ప్రవేశాల్లో అదనపు పాయింట్లు కలుపుతారు. యూనివర్సిటీ తానే పునాది వేసుకుని పైచదువులోకి తీసుకుపోయే పద్ధతి మనకు తెలియనిది కాదని చెప్పడానికి బాసర చాలు. అయితే అక్కడ సీటు రావాలంటే టెన్త్‌లో మంచి మార్కులుండాలి. చదువు ఆగిపోయినవాళ్లకు అది పనికొచ్చే దారి కాదు.

బీపీపీ ఎలా నడుస్తుంది

ఇగ్నో బీపీపీకి ముందు చదువుల సర్టిఫికెట్ ఏదీ అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి ఉండాలి. లెక్కలు, సామాజిక శాస్త్రాలు, వాణిజ్యం అన్న మూడు సబ్జెక్టుల్లో రెండు ఎంచుకోవాలి. కనీసం ఆరు నెలల్లో, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లలో పూర్తి చేయొచ్చు. అసైన్‌మెంట్లు రాయాలి, చివరన పరీక్ష ఉంటుంది. అది పాసైతే ఇగ్నోలో బీఏ, బీకామ్ వంటి డిగ్రీల్లో చేరవచ్చు. బీఎస్సీకి ఈ దారి లేదు. సైన్సుకు ల్యాబు పునాది లేకుండా రెండు పేపర్లతో పంపడం కుదరదు కాబట్టి అది సబబే.

ఇందులో మంచి విషయం సిలబస్. రెండేళ్ల ఇంటర్ మొత్తాన్ని కుదించి నెత్తిన పెట్టకుండా, డిగ్రీ పుస్తకం చదివి అర్థం చేసుకోవడానికి, జవాబు రాయడానికి కావాల్సినంత మేరకే నేర్పుతుంది. పదిహేనేళ్ల తర్వాత పెన్ను పట్టినవారికి ఇది చాలా ఉపయోగం.

అయితే బీపీపీ ఇంటర్‌కు సమానం కాదని ఇగ్నోనే చెబుతుంది. ఈ ఒక్క వాక్యం చదవకుండా ఫీజు కట్టినవాళ్లే తర్వాత ఎక్కువ టెన్షన్ పడేది.

సీటు సరే, చెల్లుబాటు ఎంతవరకు

మన దగ్గర చదువు లెక్క పది, ఆపై రెండు, ఆపై మూడు అని గొలుసులా నడుస్తుంది. ఉద్యోగ నోటిఫికేషన్లు, ప్రవేశ పరీక్షలు చాలావరకు చివరి పట్టాతో ఆగవు, మధ్యలో ఉన్న లింకులనూ చూస్తాయి. డిగ్రీ ఉండి ఇంటర్ లేని మనిషి దగ్గర ఒక లింకు తెగి ఉంటుంది.

చట్టం పరంగా చూస్తే ఆ డిగ్రీ చెల్లనిదేమీ కాదు. దూరవిద్య డిగ్రీల మీద విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 1985లో తెచ్చిన నిబంధనలు పన్నెండేళ్ల చదువును మామూలు అర్హతగా పెట్టాయి. ముందు చదువు రికార్డు లేనివారు 21 ఏళ్లు నిండి యూనివర్సిటీ పెట్టే ప్రవేశ పరీక్ష పాసైతే చేరవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చాయి. 2009లో అన్నామలై యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు ఓపెన్ యూనివర్సిటీలు కూడా యూజీసీ నిబంధనలకు కట్టుబడాల్సిందేనని చెప్పింది. ఆ కేసు అసలు విషయం వేరు. బీఏ లేకుండా నేరుగా తీసుకున్న ఎంఏ పట్టా గురించి అది. కానీ ఆ తీర్పు తర్వాత మధ్య మెట్లు వదిలేసిన పట్టాలన్నింటినీ ప్రభుత్వాలు, నియామక సంస్థలు అనుమానంగా చూడటం పెరిగింది. ప్రవేశార్హతలూ క్రమంగా బిగుసుకున్నాయి. అందుకే పాత అర్హత పరీక్ష గురించి తెలిసినవాళ్లు చెప్పింది విని చేరడానికి బయల్దేరడం కన్నా, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చదవడం ముఖ్యం.

అసలు ఇబ్బంది యూజీసీతో కాదు, ఒక్కో రంగం సొంతంగా పెట్టుకున్న నియమాలతో. అన్నింటికన్నా స్పష్టమైన ఉదాహరణ లా. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం, ప్రాథమిక అర్హత లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ ద్వారా డిగ్రీ పొందినవారు లా కోర్సులో చేరడానికి అర్హులు కారు. అదే నియమం, క్రమం తప్పకుండా టెన్త్, ఇంటర్, డిగ్రీ చేసినవారు వాటిని దూరవిద్యలో చదివినా సరే అర్హులేనని చెబుతుంది. అంటే బార్ కౌన్సిల్‌కు దూరవిద్యతో పేచీ లేదు, తెగిన లింకుతోనే పేచీ. భూపాలపల్లిలోనో పెద్దపల్లిలోనో కార్మిక సంఘంలో పనిచేస్తూ, డిగ్రీ అయ్యాక లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి వకీలు కావాలనుకునే మనిషికి ఈ సంగతి బీపీపీ ఫారం నింపే రోజే తెలియాలి. డిగ్రీ పట్టా చేతికొచ్చాక తెలిస్తే మూడేళ్లు పోయినట్టే.

టీచర్ ఉద్యోగాల్లోనూ అంతే. ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్, కావాలంటే టీచర్ శిక్షణ కోర్సు డీఎడ్ చేయాలి. దానికి డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, డీఈఈసెట్‌కు ఇంటర్ మార్కుల శాతం కావాలి. చేతిలో డిగ్రీ ఉన్నా అక్కడ లెక్కలోకి రాదు. పోలీసు కానిస్టేబుల్ వంటి ఉద్యోగాలకూ అర్హత ఇంటర్ లేదా దానికి సమానమైనదనే రాస్తారు. బీపీపీ సమానం కాదని దాన్ని నడిపే సంస్థే చెప్పాక, సర్టిఫికెట్ల పరిశీలన రోజు వాదించడానికి ఏమీ మిగలదు.

దీనికి మరో వైపూ ఉంది. డిగ్రీ మాత్రమే అడిగే చోట, చేస్తున్న ఉద్యోగంలో పట్టా ఉంటే చాలనే చోట, లేదా చదువుకోవాలన్న కోరికే ప్రధానమైన చోట ఈ లోటు అడ్డురాదు. యాభై ఏళ్ల గృహిణి బీఏ తెలుగు, చరిత్ర చదవాలనుకుంటే ఆమెను ముందు టెన్త్ రాయమనడం అన్యాయం. అలాంటి వాళ్ల కోసమే ఈ దారి పుట్టింది.

ఇంగ్లండ్‌లో, జర్మనీలో

ఈ సమస్య మనకే ప్రత్యేకం కాదు. ఇంగ్లండ్‌లో దీనికి రెండు దారులు పక్కపక్కనే ఉన్నాయి. వాటిని పోల్చి చూస్తే మన సమస్య ఎక్కడుందో తేలిగ్గా తెలుస్తుంది.

మొదటిది ఫౌండేషన్ ఇయర్. యూనివర్సిటీ తన మూడేళ్ల డిగ్రీకి ముందు ఒక ఏడాది కలిపి నాలుగేళ్ల కోర్సుగా నడుపుతుంది. ఏ లెవెల్స్, అంటే అక్కడి ఇంటర్ స్థాయి పరీక్షలు, లేనివారు, అడిగిన గ్రేడ్లు రానివారు, సబ్జెక్టు మార్చుకునేవారు అందులో చేరతారు. 2011-12లో ఎనిమిది వేలకు కాస్త పైన ఉన్న విద్యార్థుల సంఖ్య 2021-22 నాటికి డెబ్బై వేల దగ్గరికి చేరింది. అంత వేగంగా పెరగడానికి ఒక కారణం ఫీజు. ఏడాదికి 9,250 పౌండ్ల దాకా వసూలు చేసుకునే వీలుండటంతో యూనివర్సిటీలకు అది ఆదాయ మార్గమైంది. క్లాసురూములో చెప్పే సబ్జెక్టులకు 2025-26 నుంచి ప్రభుత్వం ఆ గరిష్ఠ ఫీజును 5,760 పౌండ్లకు తగ్గించింది. ఈ ఫౌండేషన్ ఏడాది ముఖ్యంగా ఆ యూనివర్సిటీలోనే పనికొస్తుంది. వేరే చోటికి మారాలంటే అక్కడివాళ్లు ఒప్పుకోవాలి.

రెండోది యాక్సెస్ డిప్లొమా. పెద్ద వయసువారి కోసం స్థానిక కాలేజీలు నడిపే కోర్సు. దానికి జాతీయ స్థాయిలో ఒకే ప్రమాణం ఉంది కాబట్టి దాన్ని చూపించి చాలా యూనివర్సిటీలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఖర్చు కూడా తక్కువ. దాని కోసం తీసుకున్న ప్రభుత్వ రుణం, ఆ తర్వాత డిగ్రీ పూర్తి చేస్తే రద్దవుతుంది. 2019లో అక్కడి పైచదువుల ఖర్చులను సమీక్షించిన ఆగర్ కమిటీ ఫౌండేషన్ ఏడాదికి ప్రభుత్వ ఆర్థిక సాయం ఆపి, యాక్సెస్ డిప్లొమా వైపు విద్యార్థులను మళ్లించాలని సూచించడానికి కారణం ఇదే.

జర్మనీ ఇంకో రకం. మన ఇంటర్ ఒక్కటే ఉన్నవారు అక్కడ సాధారణంగా నేరుగా డిగ్రీలో చేరలేరు. స్టూడియెన్‌కొల్లెగ్ అనే ఏడాది కోర్సు చదివి, చివర అర్హత పరీక్ష పాస్ కావాలి. ప్రభుత్వ స్టూడియెన్‌కొల్లెగ్‌లో పాసైతే ఆ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ఇక్కడ డిగ్రీలో ఒక ఏడాది పూర్తి చేసినవారికి, జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసైనవారికి ఆ ఏడాది అక్కర్లేని పరిస్థితులూ ఉన్నాయి.

పైచదువుకు సిద్ధం చేసే పని ఈ కోర్సులన్నీ చేస్తాయి. తేడా వాటి చివర ఇచ్చే కాగితం ఎంత దూరం చెల్లుతుందన్న దానిలోనే. యాక్సెస్ డిప్లొమా, జర్మనీ పరీక్ష చాలా చోట్ల చెల్లుతాయి. ఫౌండేషన్ ఇయర్, బీపీపీ నడిపిన యూనివర్సిటీ గేటు దాకానే తీసుకెళ్తాయి.

విదేశీ ఫౌండేషన్ కోర్సుల గురించి వరంగల్, కరీంనగర్ కన్సల్టెన్సీలు ఇప్పుడు గట్టిగానే ప్రచారం చేస్తున్నాయి. ఇంటర్ గట్టెక్కని పిల్లల తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. విదేశీ పట్టాకు ఇక్కడ సమానార్హత ఇచ్చేటప్పుడు, ఆ కోర్సులో చేరడానికి అడిగిన అర్హత మన దేశంలో అడిగేదానితో సరిపోలుతుందా అన్నదీ చూస్తారు. తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడాలనుకునేవారికి విమానం ఎక్కినంత మాత్రాన ఇంటర్ లోటు తీరదు.

ఓపెన్ ఇంటర్: ఎంత ఆలస్యం?

తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, జాతీయ స్థాయి సార్వత్రిక పాఠశాల సంస్థ ఎన్ఐఓఎస్ నడిపే టెన్త్, ఇంటర్‌లు రెగ్యులర్ బోర్డుల సర్టిఫికెట్లకు సమానం. టెన్త్‌కు కనీసం 14, ఇంటర్‌కు 15 ఏళ్లు ఉంటే చాలు, పై వయసు పరిమితి లేదు. ఎన్ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలు ఉంటుంది. ఒక్కో సబ్జెక్టు రాసుకుంటూ పోవచ్చు. ఇంటర్‌లో కొన్ని సబ్జెక్టులు పాసై కొన్ని పోయినవారు, పాసైన వాటిలో రెండింటి దాకా మార్కులు బదలాయించుకోవచ్చు.

ఎప్పుడో టెన్త్ పాసైనవారికి ఓపెన్ ఇంటర్ ఏడాది అటూఇటుగా పూర్తవుతుంది. బీపీపీకి కనీసం ఆరు నెలలు. అంటే ఇంటర్ దారి వదిలి బీపీపీ పట్టుకుంటే మిగిలేది ఆరు నెలలో, ఏడాదో. దాని కోసం లా, డీఎడ్, ఇంటర్ అర్హత ఉన్న ఉద్యోగాలన్నీ వదులుకోవడం నష్టపు బేరం. పోస్టర్లు సమయం ఆదా అంటూ చెప్పే మాటలో అసలు ఆదా ఇంతే.

టెన్త్ కూడా లేనివారికి లెక్క మారుతుంది. ఎన్ఐఓఎస్ నియమం ప్రకారం టెన్త్ పాసవడానికీ, ఇంటర్ సర్టిఫికెట్ అందుకోవడానికీ మధ్య రెండేళ్ల వ్యత్యాసం ఉండాలి. టెన్త్‌తో కలిపితే మూడేళ్ల పైమాటే. బీపీపీలో అదే మనిషి ఏడాది తిరక్కుండానే డిగ్రీ పుస్తకాలు పట్టుకోవచ్చు. ఇరవై ఏళ్ల యువకుడైతే ముందున్న జీవితం కోసం మూడేళ్లు పెట్టడం మేలు. నలభై ఐదేళ్ల మనిషి ప్రభుత్వ ఉద్యోగ వయసు దాటిపోయి, చదువు కోసమే చదవాలనుకుంటే బీపీపీయే మేలు. ఓపెన్ ఇంటర్ మీద ఒక విమర్శ మాత్రం న్యాయమైనది. సెలవు రోజుల కాంటాక్ట్ క్లాసులు, గైడ్లతో పరీక్ష గట్టెక్కడం సాధ్యమే గానీ, డిగ్రీ స్థాయిలో చదవడం, రాయడం అలవాటు కావు. అలా వచ్చినవారు డిగ్రీ మొదటి ఏడాదిలో తడబడటానికి కారణం అదే.

పోస్టర్ నిజమో కాదో

గుర్తింపు ఉన్న దూరవిద్య కోర్సు అయితే యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఆ ఏడాదికి కనిపించాలి. ఇప్పుడు దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరడానికి విద్యార్థి స్వయంగా డెబ్ ఐడీ, అంటే ఆ విభాగం వెబ్‌సైట్‌లో వచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. ఆ ఊసే ఎత్తని ఏజెంటును నమ్మకూడదు. ఒకే సిట్టింగ్‌లో ఇంటర్, ఏడాదిలో మూడేళ్ల డిగ్రీ, పాత తేదీతో మెమో అన్నవి వినిపిస్తే అక్కడే ఆగిపోవాలి. వేరే రాష్ట్రపు బోర్డు పేరు చెబితే పాఠశాల బోర్డుల జాతీయ మండలి కాబ్సే జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడాలి.

రెంటినీ కలిపే వీలు

బీపీపీ నేర్పేది బాగుంటుంది కానీ కాగితం ఇగ్నో బయట చెల్లదు. ఓపెన్ ఇంటర్ కాగితం చెల్లుతుంది కానీ నేర్పేది పలుచన. ఈ రెండు లోపాలూ ఒకదానితో ఒకటి తీరేవే. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఓపెన్ స్కూల్ సొసైటీ రెండూ రాష్ట్ర ప్రభుత్వం కిందివే. యూనివర్సిటీ తన స్టడీ సెంటర్లలో ఒక ఫౌండేషన్ ఏడాది పాఠాలు చెప్పి, చివరి పరీక్ష ఓపెన్ స్కూల్ పెట్టి, ఇంటర్ సమానార్హతతో సర్టిఫికెట్ ఇస్తే విద్యార్థి ఒకే ఏడాదిలో రెండూ సంపాదించుకుంటాడు.

దీనికి దగ్గరి ఉదాహరణ ఇప్పటికే ఉంది. టెన్త్ తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు ఆ చదువును ఎన్ఐఓఎస్‌కు బదలాయించుకుని, భాషా పేపరుతో కలిపి కొద్ది సబ్జెక్టులు రాస్తే సీనియర్ సెకండరీ సర్టిఫికెట్ వస్తుంది. 2016లో కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ, ఎన్ఐఓఎస్ కుదుర్చుకున్న ఒప్పందం అది. ఫిట్టర్ ట్రేడు నేర్చిన కుర్రాడికి ఇచ్చిన ఆ వెసులుబాటును, యూనివర్సిటీ స్టడీ సెంటర్‌లో ఏడాది కూర్చుని చదివిన బీడీ కార్మికురాలికి ఇవ్వకపోవడానికి విద్యాపరమైన కారణం ఏదీ కనిపించదు. కావాల్సింది రెండు సంస్థల మధ్య ఒప్పందం, డీఈఈసెట్ వంటి ప్రవేశ పరీక్షల్లో దాన్ని గుర్తిస్తూ ఒక ప్రభుత్వ ఉత్తర్వు. బార్ కౌన్సిల్ నియమం అడిగేది ప్రాథమిక అర్హతే కాబట్టి, బోర్డు పరీక్షతో వచ్చిన ఇంటర్ సమానార్హత ఉంటే లాసెట్ దగ్గర వచ్చే చిక్కు కూడా చాలావరకు తీరుతుంది.